ముందు పని చెప్పండి, తర్వాత పిన్ను పెట్టండి

జూలై నెల మన పట్టణాల్లో సేవా క్లబ్బుల నెల. లయన్స్‌కూ రోటరీకీ కొత్త సంవత్సరం జూలై 1న మొదలవుతుంది. ఫంక్షన్ హాలు మాట్లాడతారు. కొత్త అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి ప్రమాణం చేస్తారు. ఆ వేదిక మీదే పదిమందో పన్నెండుమందో కొత్త సభ్యులు వరసగా నిలబడి సభ్యత్వపు పిన్ను పెట్టించుకుంటారు. మర్నాడు జిల్లా ఎడిషన్లో ఫోటో వస్తుంది. సంక్రాంతి వెళ్ళాక అదే క్లబ్బు మీటింగుకు వెళ్ళి చూడండి. ఆ పన్నెండుమందిలో ముగ్గురో నలుగురో కనబడితే గొప్ప. తక్కినవాళ్ళు ఎవరితోనూ గొడవపడలేదు, రాజీనామా ఇవ్వలేదు, ఊరికే రావడం మానేశారు. ఎందుకు మానేశారని వాళ్ళ ఇంటికి వెళ్ళి అడిగినవాళ్ళు కూడా ఉండరు.

చేర్పించడం ఒక పని, నిలుపుకోవడం ఇంకో పని అని క్లబ్బుల్లో విడివిడిగా మాట్లాడుకుంటారు. దానికో కమిటీ, దీనికో కమిటీ వేస్తారు. నా అనుభవంలో ఈ రెండూ ఒకటే పని. మనిషిని ఏ మాట చెప్పి తీసుకొచ్చామో ఆ మాటే అతన్ని ఉంచుతుంది, లేదా పంపేస్తుంది. గౌరవం దొరుకుతుందని చెప్పి తెచ్చిన మనిషి గౌరవం కోసమే చూస్తాడు. వేదిక మీదికి పిలవడం ఆలస్యమైతే నొచ్చుకుంటాడు. పరిచయాలు పెరిగి వ్యాపారం పెరుగుతుందని విని వచ్చిన మనిషి ఆరు నెలలు చూసి లెక్క వేసుకుంటాడు. ఈ పనికి మీరు కావాలి అని పిలిస్తే వచ్చిన మనిషి మాత్రం పని కోసం చూస్తాడు. ఆ పని మన దగ్గర నిజంగా ఉండాలి. ఉంటే అతను ఉంటాడు.

నలుగురిలో ఇద్దరు

1905 ఫిబ్రవరి 23న చికాగోలో యూనిటీ బిల్డింగ్ అనే మేడలో, 711వ నంబరు గదిలో నలుగురు కూర్చున్నారు. రోటరీ అక్కడే పుట్టింది. పాల్ హారిస్ లాయరు. సిల్వెస్టర్ షీల్ బొగ్గు వ్యాపారి. గస్టావస్ లోయర్ గనుల ఇంజనీరు, ఆ గది ఆయన ఆఫీసే. హైరమ్ షోరీ దర్జీ వ్యాపారం చేసేవాడు. హారిస్ వెర్మాంట్ రాష్ట్రంలో ఒక చిన్న ఊళ్ళో తాత, నాయనమ్మల దగ్గర పెరిగాడు. చికాగోలో ప్రాక్టీసు బాగానే ఉంది గానీ, మనసు విప్పి మాట్లాడుకునే మనుషులు లేరు. చిన్న ఊరి చనువును మహానగరంలో మళ్ళీ తెచ్చుకోవాలన్న కోరికతోనే తక్కిన ముగ్గురినీ కూర్చోబెట్టాడు. ఒకసారి ఒకరి ఆఫీసులో, మరోసారి మరొకరి ఆఫీసులో వంతులవారీగా కలుసుకునేవారు. ఊరికి ఏదైనా చేద్దామన్న ఆలోచన ఆ తర్వాత బలపడింది. చికాగోలో ప్రజా మరుగుదొడ్లు ఏర్పాటు చేయించడం ఆ క్లబ్బు తలకెత్తుకున్న తొలి ప్రజాపని.

ఈ కథను పదవీ స్వీకారోత్సవాల్లో చాలామంది చెబుతారు. అందులో ఒక ముక్క మాత్రం ఎవరూ చెప్పరు. ఆ నలుగురిలో ఇద్దరు, లోయర్, షోరీ, కొన్నేళ్ళకే క్లబ్బు వదిలేశారు. సంస్థ ఏ గదిలో పుట్టిందో ఆ గది యజమానే అందులో నిలవలేదు! షీల్ మొదటి అధ్యక్షుడయ్యాడు, హారిస్‌కు జీవితాంతం ఆప్తుడిగా ఉండిపోయాడు. కాబట్టి మీ క్లబ్బులోంచి మనుషులు వెళ్ళిపోతున్నారని తలవంచుకోనక్కర్లేదు. ఇది మొదటి రోజు నుంచీ ఉన్న సంగతే. ఉండిపోయినవాళ్ళు ఎందుకు ఉండిపోయారో మాత్రం శ్రద్ధగా చూడాలి.

లయన్స్ కథలో ఇంకో సగం దొరుకుతుంది. మెల్విన్ జోన్స్ చికాగోలోనే బీమా వ్యాపారం చేసేవాడు, వ్యాపారస్తుల సంఘం ఒకదానికి కార్యదర్శి. ఇంత తెలివీ శక్తీ ఉన్న మనుషులు ఒకరికొకరు బేరాలు ఇచ్చిపుచ్చుకోవడంతో ఎందుకు ఆగిపోవాలన్నది ఆయన్ను తొలిచిన ప్రశ్న. 1917లో ఆయన చొరవతో లయన్స్ ఏర్పడింది. కానీ దానికి ఒక ముఖం ఇచ్చింది చూపూ వినికిడీ లేని హెలెన్ కెల్లర్. 1925 జూన్ 30న ఒహాయో రాష్ట్రంలోని సీడార్ పాయింట్‌లో లయన్స్ మహాసభ జరుగుతుంటే ఆమె వచ్చి, చూపులేని వాళ్ళ కోసం పోరాడే పని మీరు తీసుకోండని అడిగింది. వాళ్ళు తీసుకున్నారు. వందేళ్ళు గడిచాయి. ఈనాటికీ మన మండల కేంద్రంలో లయన్స్ అనగానే జనానికి గుర్తొచ్చేది కంటి శిబిరమే.

ఒక చోట చనువు, ఇంకో చోట స్పష్టమైన పని. రెండూ ఉన్న క్లబ్బు నుంచి మనుషులు తేలిగ్గా కదలరు. చనువు మాత్రమే ఉన్న క్లబ్బు కొన్నాళ్ళకు ఐదారు కుటుంబాల విందుగా మిగిలిపోతుంది. పని మాత్రమే ఉండి చనువు లేని చోట ఇద్దరు ముగ్గురు మొత్తం బరువు మోసి అలిసిపోతారు.

ఎవరిని అడగాలి

సభ్యుల జాబితా పెంచాలనగానే అధ్యక్షుడి చూపు ఊళ్ళో పెద్దమనుషుల మీద పడుతుంది. డాక్టర్లు, కాంట్రాక్టర్లు, రైస్‌మిల్లు యజమానులు, కాలేజీ కరస్పాండెంట్లు. వాళ్ళను ఊళ్ళో ఉన్న ప్రతి సంస్థా అడుగుతుంది. మొహమాటానికి చేరతారు, చెక్కు రాసిస్తారు, రారు. వాళ్ళు వద్దనడం లేదు. కానీ మీరు వెతకాల్సిన మనిషి వేరే చోట ఉన్నాడు.

బదిలీ మీద వచ్చిన బ్యాంకు మేనేజర్ని చూడండి. పిల్లల చదువు కోసం కుటుంబాన్ని విజయవాడలోనో హైదరాబాదులోనో ఉంచి, ఇక్కడ గది తీసుకుని ఒక్కడే ఉంటాడు. సాయంత్రం ఏడు తర్వాత అతనికి మాట్లాడే మనిషి లేడు. 1905లో పాల్ హారిస్ ఎలా ఉన్నాడో ఇతనూ అలాగే ఉన్నాడు. ఈ మధ్యే రిటైరైన హెడ్మాస్టారికి వందలమంది శిష్యులు, నలభై ఏళ్ళ క్రమశిక్షణ ఉన్నాయి. పొద్దున్నే పేపరు చదివాక ఏం చెయ్యాలో మాత్రం తోచదు. మందుల షాపు యజమానికి ఊళ్ళో ఎవరింట్లో ఎవరికి జబ్బో తెలుసు. మీసేవ నడిపే కుర్రాడికి పింఛను రాని ముసలమ్మలందరూ తెలుసు. ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి సొంత ఊరికి ఏదైనా చేయాలని ఉంటుంది, ఎవరితో కలవాలో తెలియదు. వీళ్ళలో ఎవరినీ మన క్లబ్బులు అడగవు. అడిగితే ఎంత సంతోషిస్తారో అడిగి చూస్తే గానీ తెలియదు.

ఇక ఆడవాళ్ళ సంగతి. కాలిఫోర్నియాలోని డువార్టే అనే ఊరి రోటరీ క్లబ్బు 1977లో ముగ్గురు స్త్రీలను సభ్యులుగా చేర్చుకుంది. ఆ తప్పుకు సంస్థ ఆ క్లబ్బు గుర్తింపునే రద్దు చేసింది. క్లబ్బు కోర్టుకెక్కింది. 1987లో అమెరికా సుప్రీంకోర్టు ఆ క్లబ్బుకు అనుకూలంగా తీర్పు చెప్పింది. 1989లో రోటరీ ప్రపంచమంతటా తన నియమాన్ని మార్చుకుంది. లయన్స్ 1987లోనే తలుపు తెరిచింది. 2018లో ఐస్‌లాండ్‌కు చెందిన గుడ్రున్ ఇంగ్వాడొత్తిర్ లయన్స్‌కూ, 2022లో కెనడాకు చెందిన జెన్నిఫర్ జోన్స్ రోటరీకీ అంతర్జాతీయ అధ్యక్షులయ్యారు. మన ఊళ్ళలో మాత్రం నియమం మారింది గానీ మీటింగు వేళ మారలేదు. రాత్రి ఎనిమిదిన్నరకు హోటల్లో మొదలై పదకొండుకు భోజనాలతో ముగిసే మీటింగుకు పిల్లలున్న టీచరమ్మ ఎలా వస్తుంది? ఆదివారం పొద్దున పదింటికి స్కూల్లో పెట్టండి. ఎంతమంది వస్తారో మీరే చూస్తారు. సభ్యుడి భార్య అన్న హోదాలో కాకుండా, ఆమె పేరు మీద, ఆమె ఓటుతో ఆమెను చేర్చుకోండి.

ఇంకో మాట సూటిగా చెప్పాలి. కొన్ని క్లబ్బుల్లో సభ్యులందరూ ఒకే కులం, లేదా ఒకే బజారు. ఎవరూ కావాలని అలా చేసి ఉండరు. ఒకరు తమ్ముణ్ణి తెచ్చారు, తమ్ముడు తోడల్లుణ్ణి తెచ్చాడు. పదేళ్ళకు అదొక చుట్టరికమైంది. బయటివాడు లోపలికి రాగానే అది కనిపెడతాడు, మళ్ళీ రాడు. మీ జాబితా ముందు పెట్టుకుని ఊళ్ళో ఏ వీధి నుంచి, ఏ వృత్తి నుంచి ఒక్క మనిషి కూడా లేడో చూడండి. మీ తర్వాతి ఆహ్వానం అక్కడికి వెళ్ళాలి.

ఎలా అడగాలి

పెళ్ళి భోజనాల దగ్గర భుజం మీద చెయ్యేసి “మీరు కూడా మా క్లబ్బులో చేరాలి సార్” అనడం అడగడం కిందికి రాదు. ఆయన నవ్వి “చూద్దాం లెండి” అంటాడు. అక్కడితో ఆ మాట పోయింది.

సభ్యత్వం ఊసెత్తకుండా ముందు ఒక పని అడగండి. పని చిన్నదిగా ఉండాలి, ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో తెలియాలి, ఆ మనిషికి చేతనైనదై ఉండాలి.

“మాస్టారూ, వచ్చే ఆదివారం హైస్కూల్లో కంటి శిబిరం పెడుతున్నాం. ముసలివాళ్ళు చాలామంది వస్తారు. పేరు, వయసు, ఊరు గుండ్రంగా రాసి, వాళ్ళను కంగారు పెట్టకుండా లోపలికి పంపే మనిషి కావాలి. తొమ్మిది నుంచి పన్నెండు దాకా. మీరైతే బాగుంటుందని అనుకున్నాం.”

ఇందులో ఆయనకు కాదనడానికి ఏమీ లేదు. మీరైతే అన్న మాట ఉత్త పొగడ్త కాకూడదు. నిజంగా ఆయన చేతిరాత, ఆయన ఓర్పు చూసి అడగాలి. ఆదివారం ఆయన వస్తారు. వచ్చాక కుర్చీ వేసి కూర్చోబెట్టి బొకే ఇవ్వకండి. పుస్తకం, పెన్ను ఇచ్చి పని అప్పగించండి. మధ్యలో టీ తెచ్చిచ్చే మనిషి ఉండాలి.

తర్వాత జరగాల్సినది ఇంకా ముఖ్యం, దీన్నే క్లబ్బులు మరిచిపోతాయి. పదిరోజులకు మళ్ళీ ఆయన ఇంటికి వెళ్ళి ఆ పనికి ఏం ఫలితం వచ్చిందో చెప్పాలి. శుక్లాలు ఎంతమందికి ఉన్నాయన్నారు, ఎవరెవరిని ఆపరేషనుకు పంపాం, ఆయన పేరు రాసిన ఆ వెంకటాపురం పెద్దావిడ కట్టు విప్పాక ఏమంది. మనిషికి తాను చేసిన పని చివరిదాకా కనబడాలి. అది కనబడ్డ మనిషి రెండో పనికి తనే వస్తాడు. అలా రెండు మూడు పనులయ్యాక క్లబ్బులో చేరమని అడిగితే ఆయనకు అది కొత్త సంగతి కాదు. అప్పటికే ఆయన మీ మనిషి.

2021-22లో రోటరీ అంతర్జాతీయ అధ్యక్షుడిగా ఉన్న కోల్‌కతా వాసి శేఖర్ మెహతా, ప్రతి సభ్యుడూ ఒక్కో కొత్త మనిషిని తీసుకురావాలని పిలుపునిచ్చారు. మంచి పిలుపు. కానీ మనలో చాలామంది దాన్ని ఒక్కో సంతకం అని అర్థం చేసుకున్నారు. ఒక్కో మనిషిని ఒక్కో పనికి తీసుకొస్తే, సంతకం దానంతటదే వస్తుంది.

డబ్బు మాట ముందే చెప్పేయాలి, అదీ కాగితం మీద. అంతర్జాతీయ రుసుము డాలర్లలో ఉంటుంది, రూపాయల్లో ఏటా మారుతుంది. దాని మీద జిల్లా రుసుము, క్లబ్బు చందా, భోజనాల ఖర్చు. ఇవన్నీ కలిపి ఏడాదికి ఇంత అని రాసివ్వండి. ఇవిగాక క్లబ్బుల జిల్లా గవర్నర్ పర్యటనకు ఇంత, కాన్ఫరెన్సుకు ఇంత, ఫలానా ప్రాజెక్టుకు తలా ఇంత అని మధ్యలో వచ్చే వసూళ్ళు ఉంటే అవీ చెప్పండి. అవి ఐచ్ఛికమైతే ఐచ్ఛికమని రాయండి, రాశాక ఆ మాట నిలబెట్టుకోండి. నాకు తెలిసి మంచి మనుషులు క్లబ్బు వదిలిన సందర్భాల్లో చాలావాటికి కారణం చందా ఎక్కువ కావడం కాదు. అందరి ముందూ, మైకులో, “ఫలానావారు పదివేలు ప్రకటించారు, మరి మీరు?” అని అడగడం. జీతం మీద బతికే మనిషి ఆ రాత్రి చెయ్యెత్తుతాడు, మర్నాటి నుంచి ముఖం చాటేస్తాడు.

ఇంట్లోవాళ్ళతో కూడా మాట్లాడండి. నెలకు రెండు సాయంత్రాలు, ఒక ఆదివారం ఈ మనిషి మాకు కావాలి అని ఆయన భార్యకో, ఆమె భర్తకో, అత్తగారికో నేరుగా చెప్పి ఒప్పించిన సభ్యత్వానికి వేళ్ళు లోతుగా ఉంటాయి.

పిన్ను పెట్టాక

కొత్త సభ్యుణ్ణి ప్రతిపాదించిన మనిషి పేరు దరఖాస్తు మీద ఉంటుంది. చాలామందికి ఆ సంతకంతో బాధ్యత తీరిపోయినట్టే. అసలు బాధ్యత అక్కడే మొదలవుతుంది. కొత్త కోడలికి ఉప్పు డబ్బా ఎక్కడుందో, మామగారికి కాఫీలో చక్కెర ఎంతో చెప్పే ఆడపడుచు ఒకరుండాలి. క్లబ్బులో కొత్తవాడికి ప్రతిపాదకుడు ఆ మనిషి. మొదటి ఆరు నెలలు ప్రతి మీటింగుకూ తన బండి మీద తీసుకురావాలి, పక్కన కూర్చోబెట్టుకోవాలి, పాతవాళ్ళు పాత కబుర్లు చెప్పుకుని నవ్వుకుంటుంటే ఆ కథ ఏమిటో చెవిలో చెప్పాలి. ప్రతిపాదించిన మనిషికి అంత తీరిక లేకపోతే తీరిక ఉన్న ఇంకొకరికి ఆ పని అప్పగించాలి.

మొదటి నెల దాటకుండా కొత్త సభ్యుడికి సొంతంగా ఒక పని ఇవ్వండి. కమిటీలో పదకొండో పేరుగా వేయడం పని ఇవ్వడం కాదు. అతను చెయ్యకపోతే ఆగిపోయే పని ఇవ్వాలి. అలాంటివి ఊళ్ళో ఎన్నో ఉన్నాయి.

మన పట్టణాల్లో చాలా క్లబ్బులకు శవాన్ని భద్రపరిచే ఫ్రీజర్ బాక్స్ ఉంటుంది. కొన్నింటికి వైకుంఠ రథం కూడా ఉంటుంది. అమెరికా నుంచి కొడుకు వచ్చేదాకా తల్లి శరీరాన్ని ఇంట్లో ఉంచుకోవాల్సిన కుటుంబానికి ఆ పెట్టె ఎంత అవసరమో మీకు తెలుసు. ఫోను అర్ధరాత్రి వస్తుంది. తాళం ఎవరి దగ్గరుంది, ఆటో ఎవరు మాట్లాడాలి, కరెంటు పోతే ఏం చెయ్యాలి, తిరిగొచ్చాక ఎవరు శుభ్రం చేయించాలి, రిజిస్టరులో ఎవరు రాయాలి. ఈ మొత్తం ఒక మనిషి చేతిలో పెట్టండి. ఆ ఫోను నంబరు అతనిదిగా ఊరికి చెప్పండి. ఒక్క రాత్రి ఆ ఇంటి గుమ్మం ముందు నిలబడి వచ్చిన సభ్యుణ్ణి మీటింగుకు రమ్మని ఎవరూ బతిమాలక్కర్లేదు.

నేత్రదానం ఇంకొకటి. మరణించిన ఆరు గంటల్లోపు కార్నియాలు సేకరించాలి. చనిపోయిన మనిషి బతికుండగా హామీపత్రం రాయకపోయినా దగ్గరి బంధువులు ఒప్పుకుంటే చాలు. కళ్ళజోడు పెట్టుకున్నా, శుక్లాల ఆపరేషను అయినా, షుగరున్నా అడ్డు కాదు. నేత్రనిధి వాళ్ళు ఇంటికే వస్తారు, పావుగంట ఇరవై నిమిషాల్లో పని ముగుస్తుంది, ముఖం వికారంగా మారదు. వాళ్ళు వచ్చేదాకా కనురెప్పలు మూసి మీద తడి దూది పెట్టాలి, తల కింద దిండు పెట్టి ఎత్తుగా ఉంచాలి, ఫ్యాను ఆపేయాలి. ఇవన్నీ తెలిసిన మనిషి, ఏడుస్తున్న ఇంట్లోకి వెళ్ళి, ఎవరితో మాట్లాడాలో, ఏ గొంతుతో మాట్లాడాలో ఎరిగిన మనిషి ఒక్కరు ఊళ్ళో ఉంటే చాలు, ఇద్దరికి చూపు వస్తుంది. రిటైరైన నర్సమ్మకో, అందరి ఇళ్ళకూ చనువున్న ఆర్‌ఎంపీకో ఈ పని నేర్పండి. శాలువా కప్పడం కంటే ఇది వాళ్ళకు ఎక్కువ గౌరవం.

రక్తదాతల జాబితా కూడా ఇలాంటిదే. శిబిరం పెట్టి ఫోటో దిగడం ఒక రోజు పని. జాబితాను బతికించుకోవడం ఏడాది పొడుగునా సాగే పని. మగవాళ్ళు మూడు నెలలకోసారి, ఆడవాళ్ళు నాలుగు నెలలకోసారి ఇవ్వొచ్చు. ఎవరు ఎప్పుడిచ్చారో రాసుకుని, గడువు కాగానే పలకరించి, ఊరు మారినవాళ్ళ పేర్లు తీసేసి, అరుదైన గ్రూపుల వాళ్ళ నంబర్లు వేరుగా పెట్టుకోవాలి. కంప్యూటర్ తెలిసిన యువకుడికి ఇది అప్పగిస్తే అతను మీరనుకున్నదానికంటే బాగా చేస్తాడు. చెయ్యనివ్వండి. మా కాలంలో ఇలా ఉండేది కాదని అతని చేతిలోంచి లాక్కోకండి.

ఒకటి గుర్తుంచుకోవాలి. పని ఇచ్చామంటే నిర్ణయం కూడా ఇచ్చామనే అర్థం. ఇంత మొత్తం దాకా ఎవరినీ అడగకుండా ఖర్చు పెట్టొచ్చని చెప్పండి. ప్రతి వంద రూపాయలకూ కోశాధికారి చుట్టూ తిరగాల్సి వస్తే ఎంత మంచివాడికైనా విసుగు పుడుతుంది.

పుట్టినరోజుకు ఆసుపత్రిలో పళ్ళు, రొట్టెలు పంచి ఫోటో తీయించుకునే కార్యక్రమాల మీద నాకు మొదటి నుంచీ అభ్యంతరం ఉంది. ఒక రోగి చేతిలో పెట్టిన రొట్టెను ఎనిమిదిమంది పట్టుకుని కెమెరా వైపు చూస్తుంటే ఆ రోగికి ఎలా ఉంటుంది? కొత్త సభ్యుడు కూడా అదే అడుగుతాడు, పైకి అనకపోయినా. సేవంటే ఇదేనా అనిపించిన మనిషి మెల్లగా జారుకుంటాడు. దీర్ఘకాలం సాగే పని ఒకటైనా క్లబ్బుకు ఉండాలి. రోటరీ 1985లో పోలియో మీద పని ప్రకటించింది. మన దేశంలో చివరి కేసు 2011 జనవరి 13న హౌరాలో బయటపడింది. 2014 మార్చి 27న ఆగ్నేయాసియా ప్రాంతంతో పాటు భారతదేశం పోలియో రహితమని ధ్రువీకరించారు. మొదలుపెట్టిన నాడు చిన్నపిల్లాడిగా ఉన్నవాడు ముగింపు నాటికి తనే తండ్రయ్యాడు. ఆదివారాలు పల్స్ పోలియో బూత్‌లలో కూర్చున్న మనుషులు ఆ పని కోసమే క్లబ్బుల్లో ఉన్నారు. అంత పెద్దది మన చేతుల్లో ఉండదు. కానీ మన మండలంలోని ప్రభుత్వ పాఠశాలల పిల్లలందరికీ ఏటా కంటి పరీక్ష చేయించి, కావాల్సినవాళ్ళకు అద్దాలు ఇప్పించడం మన చేతుల్లో ఉంది. ఐదేళ్ళు ఆగకుండా చేస్తే ఆ పని చుట్టూ మనుషులు నిలుస్తారు.

అధ్యక్షుడు ఏటా మారతాడు. కొత్త అధ్యక్షుడు కొత్త పథకం పెడతాడు, పాతది అటకెక్కుతుంది. ఇది మన క్లబ్బులకున్న పెద్ద జబ్బు. ఈ ఏటి అధ్యక్షుడు, వచ్చే ఏటివారు, ఆ పై ఏటివారు ముగ్గురూ కూర్చుని ఒక్క కాగితం మీద సంతకం పెట్టాలి, ఈ ఒక్క పనిని మేం ముగ్గురం ఆపము అని.

మీటింగు గురించి క్లుప్తంగా చెబుతాను. గంటంబావు దాటనివ్వకండి. వేదిక తీసేయండి, గుండ్రంగా కూర్చోండి. అనుకున్న వేళకు ఆరుగురే వచ్చినా మొదలుపెట్టండి, రెండో నెలకు మిగిలినవాళ్ళు వేళకు వస్తారు. స్వాగత ఉపన్యాసం, పరిచయ ఉపన్యాసం, వందన సమర్పణ అని ముగ్గురు మాట్లాడే చోట గత పదిహేను రోజుల్లో ఏం పని జరిగిందో ఆ పని చేసినవాళ్ళే చెప్పాలి, అందరికంటే కొత్త సభ్యుడితో మొదలుపెట్టి. 2016లో రోటరీ వారం వారం కలవాలన్న పాత కట్టుబాటును సడలించింది, నెలకు రెండుసార్లయినా చాలంది. ఆ వెసులుబాటును వాడుకోండి. ఒక మీటింగును ఏకంగా పని జరిగే చోటే పెట్టండి.

రాని మనిషి

మూడు మీటింగులకు వరసగా రాకపోతే ఎవరో ఒకరు వెళ్ళాలి. ఫోను కాదు, వెళ్ళాలి. మొదటి మాట చందా బాకీ గురించి ఉండకూడదు. మన క్లబ్బుల్లో రాని సభ్యుడికి వచ్చే మొదటి కబురు కోశాధికారి వాట్సాప్ సందేశమే. అది చూడగానే, నేను గుర్తొచ్చింది డబ్బుకన్నమాట అనుకుంటాడు. మళ్ళీ రాడు.

వెళ్ళి వింటే కారణాలు రకరకాలుగా ఉంటాయి, ఒక్కోదానికి ఒక్కో మందు. అమ్మాయి ఇంటర్ రెండో ఏడాది, ఇంట్లో అందరూ ఆ చదువు చుట్టూ తిరుగుతున్నారు. ఏప్రిల్ దాకా సెలవిచ్చి, మేలో మళ్ళీ పిలవండి. అమ్మ మంచంలో ఉంది. అయితే క్లబ్బే ఆ ఇంటికి వెళ్ళాలి, వీల్‌చైరో ఎయిర్ బెడ్డో పట్టుకుని. ఊరందరికీ ఇచ్చి సొంత సభ్యుడికి ఇవ్వని క్లబ్బుకు విలువ లేదు. వ్యాపారం దెబ్బతిని చందా కట్టలేక సిగ్గుపడుతున్నాడు. ఇది అధ్యక్షుడికీ అతనికీ మధ్యే తేలిపోవాలి, మూడో మనిషికి తెలియకూడదు. ఫ్లెక్సీలో పేరు పడలేదని అలిగాడు. వెళ్ళి క్షమాపణ అడగండి, తప్పేం లేదు. కానీ ఆ అలకకు వెనక చాలాసార్లు ఇంకోటి ఉంటుంది. అతను పనిచేశాడు, ఆ సంగతి ఎవరూ గుర్తించలేదు.

అన్నిటికంటే కష్టమైనది ఎన్నికల గాయం. గవర్నర్ పదవికి పోటీ వచ్చినప్పుడు, క్లబ్బు అధ్యక్ష పదవికి ఇద్దరు పట్టుబట్టినప్పుడు నిన్నటిదాకా కలిసి అన్నం తిన్నవాళ్ళు మాట్లాడుకోరు. ఓడినవాడు తన వర్గంతో బయటికి వెళ్ళి ఇంకో క్లబ్బు పెడతాడు. ఇరవైమంది ఉంటే కొత్త క్లబ్బుకు చార్టర్, అంటే గుర్తింపు, వస్తుంది కాబట్టి అది తేలిక కూడా. కానీ చీలిన రెండు క్లబ్బులూ ఊరికి ఒక మంచి క్లబ్బంత పని కూడా చెయ్యవు. గెలిచినవారు మొదటి వారంలోనే ఓడినవారి ఇంటికి వెళ్ళాలి, ఈ ఏడాది ముఖ్యమైన పని ఏదో అది వారి చేతిలో పెట్టాలి. మాజీ అధ్యక్షులకూ ఇదే వర్తిస్తుంది. ముందు వరసలో కుర్చీ ఇచ్చి ఊరుకుంటే వాళ్ళు విమర్శకులవుతారు. ఇద్దరు కొత్తవాళ్ళను అప్పగిస్తే గురువులవుతారు.

కొందరు వెళ్ళిపోతారు. బదిలీలు, వలసలు, వయసు. బ్యాంకు మేనేజరుకు వేరే ఊరు పడితే అక్కడి క్లబ్బు కార్యదర్శి నంబరు కనుక్కుని మీరే మాట్లాడండి. ఈయన మా దగ్గర ఏ పని చేశారో చెప్పండి, దిగిన వారంలోనే కలవమనండి. ఇష్టం లేక వెళ్తున్నవారిని కూడా కూర్చోబెట్టి, ఎక్కడ లోపం జరిగిందో చెప్పమని అడగండి. జవాబుకు వాదన చెప్పకండి. రాసుకోండి.

రెండు అంకెలు

జూన్ నెలాఖరులో అవార్డుల కోసం కాగితం మీద సభ్యులు పెరుగుతారు. అధ్యక్షుడు తన జేబులోంచి చందా కట్టి బావమరిది పేరు, డ్రైవరు పేరు రాయిస్తాడు. జూలైలో తర్వాతి అధ్యక్షుడు బిల్లు చూసి ఆ పేర్లు కొట్టేస్తాడు. పై స్థాయి నుంచి లక్ష్యాలు అలా వస్తాయని నాకూ తెలుసు. అయినా ఇది సేవా సంస్థ చెయ్యకూడని పని, ఎందుకంటే చూస్తున్న యువకులు మొదట నేర్చుకునేది దాన్నే. రోటరీ ప్రపంచ సభ్యత్వం రెండు దశాబ్దాలకు పైగా 12 లక్షల దగ్గరే ఆగి ఉంది. ఏటా ఎందరో చేరుతున్నారు, దాదాపు అంతమందీ పోతున్నారు. లెక్క పెంచడం మీద పెట్టిన దృష్టి మనుషుల మీద పెట్టలేదని ఆ అంకె చెబుతోంది.

మీరు రెండే అంకెలు చూసుకోండి. పోయిన జూలైలో చేరినవాళ్ళలో ఈ జూలైకి ఎందరున్నారు? గడిచిన మూడు నెలల్లో ఏదో ఒక పనికి స్వయంగా చెయ్యి వేసిన సభ్యులు ఎందరు? జాబితాలో అరవైమంది ఉండి చెయ్యి వేసినవాళ్ళు తొమ్మిదిమంది అయితే మీది తొమ్మిదిమంది క్లబ్బు. దాన్ని దాచుకోకుండా బోర్డు మీటింగులో చెప్పండి.

ఈ వారం ఒక పని చెయ్యండి. సభ్యుల జాబితా తీసి, ప్రతి పేరు ఎదురుగా ఆ మనిషి మాత్రమే చూసుకుంటున్న పని ఏదో రాయండి. ఫ్రీజర్ బాక్స్, రక్తదాతల జాబితా, చలివేంద్రం కుండలు, హైస్కూలు లైబ్రరీ తాళం, ఏదైనా సరే. రాయడానికి ఏమీ లేని పేర్లు చాలా మిగులుతాయి. వాటిలోంచి ముగ్గురిని ఎంచుకోండి. తర్వాతి మీటింగుకు ముందే వాళ్ళ ఇళ్ళకు వెళ్ళండి, ఒక్కొక్కరి దగ్గర అరగంట కూర్చోండి. ఊళ్ళో ఏం చూస్తే వాళ్ళకు బాధగా ఉంటుందో అడగండి. ఒకరు బస్టాండులో మరుగుదొడ్డి సంగతి చెబుతారు, ఒకరు బడి మానేసిన పనిపిల్ల సంగతి చెబుతారు. అక్కడే, ఆ గదిలోనే, “సరే, దీనికి మీకు ఇంకెవరు తోడు కావాలి?” అని అడిగి ఆ పేర్లు రాసుకుని రండి.